మీరడిగారు, మేం చెప్పాం: వదిలేసినవాడి మీద కన్నెయ్యండి

పోయిన సంచికలో అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ గురించి నాలుగు ముక్కలు రాస్తే ఇన్ని ప్రశ్నలొస్తాయని అనుకోలేదు. మన రెండు జిల్లాల్లో వీధికొక పిల్లో పిల్లాడో అక్కడ ఎమ్మెస్ చదువుతుంటే రాక ఏం చేస్తాయిలెండి. స్కోరు లెక్కలు అడిగినవాళ్ళకి వచ్చేసారి చెప్తాను, ఈసారికి జట్టు ఎలా నిలబడాలి, ఎప్పుడు ఏ ప్లే, అంటే ఏ ఎత్తుగడ, పిలవాలి అన్న గొడవలే తీసుకున్నాను.

ప్రశ్న: మావోడు టెక్సాస్‌లో చదువుతున్నాడండి. సెప్టెంబర్ వచ్చిందంటే ఆదివారం తెల్లారగట్ల వీడియో కాల్ చేసీసి మ్యాచ్ చూపిస్తాడు, నాకేటీ తెలీదు గానీ వాడి సరదా కోసం కూర్చుంటాను. బంతి విసిరేవాడు ఒకోసారి ముందోడి వెనకాలే అతుక్కుని ఉంటాడు, ఒకోసారి నాలుగైదు గజాలు ఎడంగా నిల్చుంటాడు. ఎందుకలగ?
— ఓ తల్లి, రాజాం

అమ్మా, మీరు ఏమీ తెలీదంటూనే అసలు విషయం పట్టేశారు. జట్టుకి 11 మంది, నాలుగు ప్రయత్నాల్లో 10 గజాలు ముందుకెళ్ళాలి. బంతి కదిలేముందు, బంతి పెట్టిన చోటుండే లైను వెనకాల నలుగురికి మించి ఉండకూడదు. లైను మీదుండే ఆ ఐదుగురు భారీ మనుషులు, 50 నుంచి 79 లోపు నంబర్ల వాళ్ళు, వాళ్ళు పాసు పట్టకూడదు, తొయ్యడమే వాళ్ళ పని. అంటే మీరు చెప్పిన ఆ బంతి విసిరేవాణ్ణి, క్వార్టర్‌బ్యాక్‌ని, తీసేస్తే మిగిలేది ఐదుగురు. ఈ ఐదుగురిని ఎక్కడ నిలబెట్టాలన్నదే ఫార్మేషన్, ఇంతకు మించి బ్రహ్మవిద్య ఏమీ లేదు.

మీరు చూసిన మొదటిది అండర్ సెంటర్. బంతి చేతికి చెయ్యి అందుతుంది, బంతి పట్టుకుని పరిగెత్తే రన్నింగ్ బ్యాక్ ఏడు గజాల వెనకనుంచి ఊపుగా వచ్చి బంతి తీసుకుని లైనులోకి దూరిపోతాడు. రెండోది షాట్‌గన్, బంతి వెనక్కి విసురుతారు, క్వార్టర్‌బ్యాక్‌కి గ్రౌండంతా ఎదురుగా కనిపిస్తుంది, మీదికొచ్చేవాడిని చూసుకోడానికి ఒక క్షణం ఎక్కువ దొరుకుతుంది. ఇప్పుడు కాలేజీల్లో ఎక్కువమంది షాట్‌గన్‌లోనే ఉంటారు. బానే ఉంది గానీ ఒక్క గజం కావాల్సినప్పుడు కూడా బంతిని ఐదు గజాలు వెనక్కి పంపి మళ్ళీ ముందుకి మోసుకురావడం చూస్తే మాత్రం నాకు ఒళ్ళు మండుతుంది, మీ అబ్బాయి ఏమంటాడో అడగండి.

ప్రశ్న: నేను కుర్రతనంలో కబడ్డీ ఆడినోణ్ణి. ఈ ఆటలో ఎదుటి జట్టువోడు ఒకడు ఎవరి అడ్డూ లేకుండా సూటిగా వచ్చేస్తన్నాడు, వాణ్ణి ఆపాల్సిన మనిషి వాణ్ణి దాటుకుని ఇంకొకడి మీదికి పోతన్నాడు. అది పొరపాటేనా, కావాలని చేస్తారా?
— నరసన్నపేట

కావాలనే చేస్తారండీ! ఈ నెల వచ్చిన వాటిల్లో నాకు బాగా నచ్చిన ప్రశ్న ఇదే, అందుకని దీనికి కొంచెం ఎక్కువ రాస్తాను, ఏమీ అనుకోకండి.

లెక్క చూడండి. బంతి పట్టుకుని పరిగెత్తేవాడు ఎవరినీ అడ్డుకోలేడు, అతనికి బంతి ఇచ్చేసిన క్వార్టర్‌బ్యాక్ ఊరికే నిలబడిపోతాడు, అంటే అడ్డుకోడానికి మిగిలింది తొమ్మిది మంది, ఎదురుగా ఉన్నది 11 మంది. ఎలా పేర్చినా ఇద్దరు తక్కువే. ఈ లోటు తీర్చడానికి కోచ్‌లు కనిపెట్టిన ఆప్షన్ అనే ఉపాయమే మీరు చూసింది, ఒకణ్ణి కావాలనే వదిలేస్తారు, వదిలేసి క్వార్టర్‌బ్యాక్ వాడినే చూస్తుంటాడు. వాడు బంతి తీసుకునేవాడి మీదికి పోతే క్వార్టర్‌బ్యాక్ బంతి ఇవ్వకుండా తనే పట్టుకుని వాడు ఖాళీ చేసిన చోటికి పోతాడు, వాడు కదలకుండా కాచుకుని కూర్చుంటే బంతి ఇచ్చేస్తాడు. వాడేం చేసినా తప్పే. కబడ్డీలో రైడర్ కార్నర్ వాడి ముందు కాలు ఊరించి పెడతాడు చూడండి, పట్టుకోడానికి వస్తే ఒకటి, రాకపోతే ఒకటి, అలాంటిదే.

దీన్ని హ్యూస్టన్ యూనివర్సిటీలో కోచ్ బిల్ యోమన్ 1965 ప్రాంతంలో వీర్ అనే పద్ధతిగా పెట్టాడు. తర్వాత 1968లో టెక్సాస్ కోచ్ డారెల్ రాయల్ దగ్గర పనిచేసే ఎమరీ బెల్లార్డ్ విష్‌బోన్ తెచ్చాడు, క్వార్టర్‌బ్యాక్ వెనక ఒకడు, వాడి వెనక అటొకడు ఇటొకడు, పైనుంచి చూస్తే వై అక్షరంలా ఉంటుంది. అందులో వదిలేసేది ఒకణ్ణి కాదు, ఇద్దరిని! మొదటివాణ్ణి చూసి మధ్యలోకి ఇవ్వాలా వద్దా, రెండోవాణ్ణి చూసి తనే పరిగెత్తాలా పక్కవాడికి విసరాలా, పరిగెత్తుతూ పరిగెత్తుతూనే తేల్చుకోవాలి. తమాషా ఏంటంటే ఆ సీజన్ మొదటి మ్యాచ్ ఆ హ్యూస్టన్‌తోనే 20-20 డ్రా, రెండోది టెక్సాస్ టెక్ మీద ఓటమి. మన దగ్గరైతే ఆ రెండో మ్యాచ్‌కే కోచ్‌ని ఇంటికి పంపేసేవాళ్ళు. అక్కడ ఓపిక పట్టారు, ఆ తర్వాత వరసగా 30 మ్యాచ్‌లు గెలిచారు.

ఇప్పుడు టీవీలో కనిపించేది దాని మనవడు, పేరు జోన్ రీడ్. 1990ల మొదట్లో గ్లెన్‌విల్ స్టేట్ అనే చిన్న కాలేజీలో రిచ్ రోడ్రిగెజ్ దగ్గర పుట్టిందని చెప్తారు, ప్రాక్టీసులో బంతి ఇవ్వడం చెడిపోతే, చివర్లో ఉన్న డిఫెండర్ లోపలికి దూరిపోవడం చూసి క్వార్టర్‌బ్యాక్ తనే బయటికి పరిగెత్తాడట. అది షాట్‌గన్‌లో చేసే ఆప్షనే. అందుకే మీలాంటి ఆటగాళ్ళకి నేను చెప్పేదొకటే, బంతిని చూడకండి, ఫార్మేషన్ పేర్లు బట్టీ పట్టకండి, ఎవణ్ణి వదిలేశారో వెతకండి. వాడు దొరికితే ఆ ప్లే ఏంటో మీకే తెలిసిపోతుంది.

ప్రశ్న: మా బావమరిది ఎప్పుడూ పాసే వెయ్యాలంటాడు, నేను రన్నే అంటాను. ప్రతి వారం ఫోన్లో కొట్లాట, మా ఆవిడ మా ఇద్దర్నీ తిడతాది. అసలు ఏ ప్లే కాల్ చెత్తది అని ఎలా తేల్చాలండీ? ఫలితం చూసేనా?
— బొబ్బిలి

బావగారూ, ఫలితం చూసి తేల్చారో ఈ కొట్లాట మీ మనవళ్ళ దాకా పోతుంది. 2018 జనవరి ఫైనల్ తీసుకోండి, అలబామా, జార్జియా. ఓవర్‌టైంలో అలబామా 20-23తో వెనకబడి ఉంది, మొదటి ప్రయత్నంలోనే క్వార్టర్‌బ్యాక్ టువా టాగొవాయిలోవా దొరికిపోయి 16 గజాలు పోగొట్టాడు. రెండో ప్రయత్నం, కావాల్సింది 26 గజాలు. ఆ టైంలో బుద్ధిగా ఆలోచించేవాడు ఓ పది గజాలు రాబట్టుకుని కిక్‌తో స్కోరు సమం చేద్దామంటాడు. వాళ్ళు పాసు పట్టే రిసీవర్లని తిన్నగా లోతుకి పంపారు, టువా ముందు వేరేవైపు చూసి వెనక కాపలా ఉన్న సేఫ్టీని అటు లాగేసి, ఎడమ పక్క డెవాంటా స్మిత్‌కి 41 గజాల పాసు వేశాడు, ఆట అయిపోయింది, 26-23. పట్టాడు కాబట్టి గొప్ప కాల్ అంటున్నారా? పట్టకపోయినా పోయేది ఒక ప్రయత్నమే, ఇంకోటి చేతిలో ఉంది, కిక్ ఎలాగూ ఉంది. అందుకే అది మంచి కాల్.

దీనికి రివర్స్ కావాలంటే 2023 అక్టోబర్ 7, మయామీ వర్సెస్ జార్జియా టెక్. మయామీ 20-17తో ముందుంది, బంతి వాళ్ళదే, అర నిమిషం చిల్లర మిగిలింది, ఎదుటివాళ్ళకి టైమౌట్లు కూడా అయిపోయాయి. క్వార్టర్‌బ్యాక్ బంతి తీసుకుని ఒక్క మోకాలు నేలకి ఆనిస్తే టైము అయిపోయి ఇంటికెళ్ళిపోవచ్చు, దానికి విక్టరీ ఫార్మేషన్ అనే పేరు కూడా ఉంది. వాళ్ళు రన్ పిలిచారు. బంతి జారింది, జార్జియా టెక్ అందుకుంది, ఒక్క సెకను ఉందనగా 44 గజాల పాసుతో గెలిచేసింది. మీ రన్ పార్టీకి చెప్తున్నా, బంతి జారకపోయినా అది చెత్త కాలే! వచ్చే లాభం సున్నా కదా.

సో మీ ఇంట్లో పంచాయితీ ఇలా పెట్టుకోండి, పిలిచిన క్షణంలో ఎన్నో ప్రయత్నం, ఎన్ని గజాలు కావాలి, చెడితే ఏం పోతుంది, ఈ మూడూ చెప్పకుండా ఎవరూ నోరెత్తకూడదు. అయినా కొట్లాట ఆగుతుందని గ్యారంటీ లేదు. మన విజ్జీ క్రికెట్ కెప్టెన్‌గా 1936 ఇంగ్లండ్ టూరులో లాలా అమర్‌నాథ్‌ని మధ్యలో ఇంటికి పంపేశాడు కదా, దాని మీద ఇప్పటికీ విజయనగరం టీ కొట్ల దగ్గర అటూ ఇటూ మాట్లాడేవాళ్ళు దొరుకుతారు.

ప్రశ్న: గ్రౌండు బయట పెద్ద పెద్ద అట్టల మీద ఏవేవో బొమ్మలు పట్టుకుని ఎత్తి చూపిస్తారేటి?
— ఇచ్ఛాపురం

ప్లే పేరు చెప్పడానికండీ. ప్లేకీ ప్లేకీ మధ్య 40 సెకన్లే ఉంటాయి, లక్షమంది అరుస్తుంటే కోచ్ కేక ఎక్కడ వినబడుతుంది? అందుకని బొమ్మలు, చేతి సైగలు, అందులో సగం దొంగ సైగలు. ఎదుటివాళ్ళ సైగలు మ్యాచ్‌లో చూసి పసిగట్టడం తప్పు కాదు గానీ, ముందే మనుషుల్ని వాళ్ళ మ్యాచ్‌లకి పంపించి చూసి రావడం నిషేధం. 2023లో మిషిగన్ మీద ఈ గొడవే వచ్చింది, కోచ్ జిమ్ హార్బాని ఆ జట్టు ఆడే బిగ్ టెన్ లీగ్ వాళ్ళు మూడు మ్యాచ్‌లు పక్కన కూర్చోబెట్టారు, జట్టు మాత్రం ఆ ఏడాది ఛాంపియన్ అయింది! 2024 నుంచి పై స్థాయి జట్లలో ఒక ఆటగాడి హెల్మెట్‌లో రేడియో పెట్టుకోనిస్తున్నారు, క్లాకు 15 సెకన్లకి వచ్చేసరికి కట్ అయిపోతుంది. బొమ్మలు ఇంకా పూర్తిగా పోలేదులెండి.

ప్రశ్న: ఎన్‌ఎఫ్‌ఎల్ (అక్కడి ప్రొఫెషనల్ లీగ్) వాళ్ళ ఆట అంత నీట్‌గా ఉంటే కాలేజీ జట్లు అదే కాపీ కొట్టొచ్చు కదా సార్? ఈ ఆప్షన్లు, వింత ఫార్మేషన్లు ఎందుకు?
— డిగ్రీ విద్యార్థి, విజయనగరం

తమ్ముడూ, గ్రౌండే వేరు. వెడల్పు రెండిట్లోనూ 160 అడుగులే, కానీ బంతి పెట్టే హ్యాష్ గీతల మధ్య దూరం కాలేజీలో 40 అడుగులు, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో 18 అడుగుల 6 అంగుళాలు. బంతి ఒక గీత మీద ఉంటే కాలేజీలో ఒక పక్క 60 అడుగులు, రెండో పక్క 100 అడుగులు. ఆ 100 అడుగుల వైపు వేగంగా పరిగెత్తేవాణ్ణి ఒంటరిగా నిలబెడితే డిఫెన్సు ఏం చెయ్యాలి? ఇంకోటి, పాసు ప్లేలో లైను మనుషులు కాలేజీలో మూడు గజాల దాకా ముందుకెళ్ళొచ్చు, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఒక్క గజమే. దాంతో రన్‌లా మొదలుపెట్టి, వదిలేసిన లైన్‌బ్యాకర్ (లైను వెనక కాచే డిఫెండర్) ముందుకొస్తే వాడి నెత్తి మీదుగా పాసు వేసేసే ఆర్‌పీవో (రన్-పాస్ ఆప్షన్) ఆట కాలేజీలో మరీ చలామణీ అవుతుంది, డిఫెన్సు కోచ్‌లు ఆ మూడు గజాల రూలుని తిట్టని రోజుండదు.

పైగా వాళ్ళు స్టూడెంట్లు, సీజన్లో వారానికి 20 గంటలే ప్రాక్టీసు. ఎన్‌ఎఫ్‌ఎల్ ప్లేబుక్ ఎక్కడ నేర్పుతావు? హాల్ మమ్మీ, మైక్ లీచ్ అనే కోచ్‌లు ఎయిర్ రెయిడ్ అనే పాసుల ఆట పెట్టింది ఇందుకే, కొన్నే ప్లేలు, రోజూ అవే, కళ్ళు మూసుకుని చేసేదాకా. పెద్ద ఆటగాళ్ళు రాని టెక్సాస్ టెక్‌ని లీచ్ దాంతోనే పెద్ద జట్ల మీదికి ఉసిగొల్పాడు. ఆర్మీ (అమెరికా సైనిక అకాడమీ) జట్టుదీ అదే కథ, దారి మాత్రం తలకిందులు, పాసు దాదాపు మానేసి ట్రిపుల్ ఆప్షన్, విష్‌బోన్‌లో చెప్పిన ఆ మూడు దారుల ఆట. 2018లో ఓక్లహోమా సొంత గ్రౌండులో 60 నిమిషాల ఆటలో దాదాపు 45 నిమిషాలు బంతి ఆర్మీ దగ్గరే ఉంది, ఓవర్‌టైం దాకా లాగి 28-21తో ఓడింది. ఓక్లహోమా క్వార్టర్‌బ్యాక్ కైలర్ ముర్రే, ఆ ఏడాది ఉత్తమ ఆటగాడి హైస్మన్ ట్రోఫీ అతనిదే, కానీ బంతి చేతికొస్తే కదా ఏమైనా చేసేది. బోరు ఆట అంటారు కొందరు. నాకైతే ఆ మ్యాచ్ ఎయిర్ రెయిడ్ మ్యాచ్‌ల కన్నా బాగుంటుంది.

ప్రశ్న: మా పిల్లలకి హెల్మెట్లు, ప్యాడ్లు కొనే స్తోమత లేదు. ఈ ఫార్మేషన్లు మా స్కూలు గ్రౌండులో నేర్పొచ్చా?
— పీఈటీ, టెక్కలి

నేర్పొచ్చు మాష్టారూ, ఫ్లాగ్ ఫుట్‌బాల్ పెట్టండి. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో కూడా ఉంది. అయిదుగురు వర్సెస్ అయిదుగురు, నడుముకి కట్టిన రిబ్బను లాగేస్తే అవుటు, పాత గుడ్డ ముక్కలు చాలు. అందులో అడ్డుకోవడం అనేదే లేదు కాబట్టి పైన చెప్పిన వదిలేసే ఉపాయం పనికిరాదు, బంతి అందుకున్న క్వార్టర్‌బ్యాక్ తనే పరిగెత్తకూడదు కూడా, వాడి మీదికొచ్చేవాడు ఏడు గజాల దూరం నుంచి బయల్దేరాలి. ముందు ముగ్గుర్ని ఒకే పక్క గుత్తిగా నిలబెట్టి, ఒకణ్ణి లోతుకి, ఒకణ్ణి అడ్డంగా, ఒకణ్ణి గీత పక్కకి పంపి చూడండి. కాపలా పిల్లలు ఒకళ్ళనొకళ్ళు గుద్దుకుంటారు, ఎవరో ఒకరు ఖాళీగా దొరుకుతారు. బంతి మాత్రం ఆ కోలగా ఉండేదే కొనండి, వాలీబాల్‌తో ఆడిస్తే విసరడం అస్సలు రాదు.