చెక్కతో హెర్క్యులస్ చేస్తున్నారా, ముందు దాని తోక కింద చూడండి

మొదటిసారి చెక్కతో సి-130 హెర్క్యులస్ రవాణా విమానం మోడల్ చేయబోతున్నారు. ఏ స్కేలు తీసుకోవాలి, ఏ చెక్క వాడాలి, రెక్కలు వంకరపోకుండా ఏం చేయాలి అని అడిగారు. నేను ఇప్పటిదాకా ఏడు రవాణా విమానాలు చెక్కాను, వాటిలో మూడు హెర్క్యులస్‌లే. అందుకే మీరు అడగని విషయంతో మొదలుపెడుతున్నాను.

మా మామయ్య హెర్క్యులస్‌లో లోడ్‌మాస్టర్‌గా చేశారు. సరుకు బరువు లెక్కగట్టి, విమానంలో ఏది ఎక్కడ పెట్టాలో చూసి, కదలకుండా కట్టించే పని అది. ఆయన రిటైరైనప్పుడు ఇద్దామని నా మొదటి మోడల్ చేశాను. ముక్కు, కాక్‌పిట్ అద్దాలు, రంగు, వీటి మీదే నెలల తరబడి కూర్చున్నాను. చేతిలో పెట్టగానే ఆయన దాన్ని వెల్లకిలా తిప్పి, తోక కింద వేలితో తడిమారు. "ర్యాంప్ ఏదిరా? ఇది ప్రయాణికుల విమానం తోకలా ఉంది" అన్నారు. నన్ను బాధపెట్టాలని కాదు. ఉద్యోగమంతా ఆయన నిలబడిన చోటు అదే.

ప్రయాణికుల విమానం వెనక భాగం అన్ని వైపులా సన్నబడుతూ మొనదేలుతుంది. హెర్క్యులస్ అలా కాదు. పొట్ట చక్రాలు దాటేదాకా తిన్నగా వచ్చి, అక్కడ ఒక్కసారిగా పైకి లేస్తుంది. ఆ లేచే భాగమే తెరుచుకుని, సరుకు ఎక్కించే ర్యాంప్ అవుతుంది. ముందంతా గుండ్రంగా ఉన్న అడ్డుకోత, అంటే బాడీని అడ్డంగా కోస్తే కనిపించే ఆకారం, అక్కడికి వచ్చేసరికి బల్లపరుపుగా, వెడల్పుగా మారుతుంది. సి-17 అయినా, ఇల్యూషిన్-76 అయినా రవాణా విమానాన్ని గుర్తుపట్టించేది ఆ లేచే గీతే. అది కుదిరితే కిటికీలు వేయకపోయినా చూసినవాళ్లు పేరు చెప్పేస్తారు. రెండో ప్రపంచయుద్ధంలో, 1942లో, అమెరికా నేవీ హైస్కూలు పిల్లలచేత 5 లక్షల చెక్క విమానాలు చేయించాలని పూనుకుంది. శత్రువు విమానాన్నీ సొంత విమానాన్నీ తేడా పట్టడం సైనికులకు నేర్పడానికి. వాటికి నల్ల రంగు తప్ప ఇంకేం లేదు. ఆకారం కొలతకు సరిపోయిందా లేదా, అంతే చూసేవాళ్లు.

ఆ మోడళ్ల స్కేలు 1/72. పది మీటర్ల దూరంలో పెడితే 720 మీటర్ల దూరంలోని అసలు విమానమంత కనిపిస్తుంది. కానీ మొదటిసారికి నేను 1/100 చేయమంటాను. అసలు విమానంలో ఒక మీటరు మీ చెక్క మీద ఒక సెంటీమీటరు, లెక్క తప్పే అవకాశమే లేదు. హెర్క్యులస్ రెక్కల చివర నుంచి చివరకు 40.4 మీటర్లు, అంటే 40.4 సెంటీమీటర్ల చెక్క చాలు. 1/72లో అయితే 56 సెంటీమీటర్లు కావాలి. ముడులు లేని, తిన్నని చెక్క అంత పొడవున దొరకడం కష్టం.

గీత గీసే ముందు మీది ఏ హెర్క్యులస్సో తేల్చుకోండి. 1954లో తొలిసారి ఎగిరినప్పుడు ప్రొపెల్లర్‌కు మూడు బ్లేడ్లే. ఆ తర్వాత చాలాకాలం వచ్చినవాటికి నాలుగు, జె రకానికి ఆరు. పొడవు కూడా మారుతుంది. సి-130హెచ్ 29.8 మీటర్లు, సి-130జె-30 34.4 మీటర్లు. మీ మోడల్‌లో అది నాలుగున్నర సెంటీమీటర్ల తేడా. ఒకదాని డ్రాయింగ్ పెట్టుకుని ఇంకోదాని ఫొటో చూస్తూ చెక్కితే ఎక్కడా అతకదు.

చెక్క విషయానికొస్తే బాల్సా వద్దు. గోరు తగిలినా సొట్ట పడుతుంది. రంగు వేయాలనుకుంటే బాస్‌వుడ్ మంచిది, ఉలికి ఏ వైపైనా లొంగుతుంది. చెక్కను చెక్కలాగే చూపించాలంటే మహోగని. టేకు అందంగా ఉంటుంది గానీ దాని నూనె వల్ల జిగురు సరిగ్గా పట్టదు, అంటించే ముందు తుడిచి గరుకు పెట్టాలి. ఏదైనా బాగా ఆరినదే తీసుకోండి.

బాడీకి ఒకే దిమ్మె వాడకండి. సమాన మందమున్న రెండు పలకలను నిలువుగా అంటించండి. ఆ అతుకు గీతే మీ మధ్యరేఖ అవుతుంది. పెన్సిల్ గీత సాండ్‌పేపర్ రెండు సార్లు తగిలితే పోతుంది, ఇది మాత్రం చివరిదాకా ఉంటుంది. దిమ్మెకు పక్కనుంచి కనిపించే ఆకారం, పైనుంచి కనిపించే ఆకారం రెండూ గీయండి. మొదటిది కోశాక వచ్చిన ముక్కలను పారేయకండి, వాటిని టేపుతో మళ్లీ యథాస్థానంలో అంటించి రెండోది కోయండి. లేకపోతే రంపం కింద దిమ్మె ఊగుతుంది. స్టాండు కడ్డీ కోసం రంధ్రం కూడా కింద చదునుగా ఉన్నప్పుడే, కోయకముందే వేయాలి. గుండ్రంగా చెక్కాక వేస్తే డ్రిల్లు జారుతుంది. ఆ తర్వాత అట్టముక్కల్లో అడ్డుకోత ఆకారాలు కత్తిరించుకుని, చెక్కుతూ ఆనించి చూసుకోవాలి. తోక దగ్గర మాత్రం ప్రతి సెంటీమీటరుకూ ఒక అట్ట పెట్టుకోండి. నేను మొదటిసారి అక్కడ ఒక్కటీ పెట్టలేదు.

ఇక రెక్కలు. హెర్క్యులస్‌కు రెక్క బాడీ పైన కూర్చుంటుంది. కాబట్టి ఈ చివర నుంచి ఆ చివరదాకా ఒకే పలకలో చేసి, బాడీ పైన గాడి కోసి దించేయవచ్చు. అతుకే లేనప్పుడు అక్కడ వాలడం ఉండదు. సి-17కూ ఇల్యూషిన్-76కూ రెక్కలు వెనక్కి వాలి, చివరలు కిందకు దిగి ఉంటాయి. వాటికి రెండు ముక్కలు, లోపల గట్టి మేకులు తప్పవు. మొదటిసారికి మీరు హెర్క్యులస్ ఎంచుకోవడం మంచిదైంది.

నా రెండో మోడల్‌కు ఎడమ రెక్క మెలి తిరిగింది. పలక గ్రెయిన్, అంటే నారలు పోయే దారి, రెక్క పొడవునా కాకుండా ఏటవాలుగా ఉందని నేను గమనించలేదు. పైగా ఒక సాయంత్రం పైవైపు మాత్రమే సీలర్, అంటే చెక్క రంధ్రాలను మూసే పూత, పూసి పడుకున్నాను. సీలర్ లేని వైపు గాలిలో తేమను వేరేగా పీల్చుకుంది. రెండు రోజుల్లో రెక్క చివర తిరిగిపోయింది. దాన్ని సరిచేయడానికి ఆవిరి పట్టాను, బరువులు పెట్టాను, కుదరలేదు. కొత్త రెక్క చెక్కాల్సి వచ్చింది. అప్పటినుంచి పలకను వారం పాటు పనిచేసే గదిలోనే ఉంచుతున్నాను. రెండు వైపులా సమానంగా చెక్కి, ఒకేరోజు రెండు వైపులా సీలర్ పూస్తున్నాను. రెక్క మొదట్లో మందం 9 మిల్లీమీటర్లకు దగ్గరగా, చివరకు పోయేకొద్దీ పల్చగా ఉండాలి. మొత్తం ఒకే మందంగా వదిలేస్తే స్కేలు బద్దలా కనిపిస్తుంది.

ప్రొపెల్లర్లు చివర్లో చేయండి. నాలుగు బ్లేడ్లవైతే రెండు సన్నని పుల్లలను మధ్యలో సగం సగం గాడి కోసి ప్లస్ గుర్తులా ఇమడ్చండి, నాలుగు బ్లేడ్లలోనూ నారలు పొడవునా పోతాయి. ఆరు బ్లేడ్లకు మధ్య గుండీలో 60 డిగ్రీలకో రంధ్రం వేసి గుచ్చడమే. హెర్క్యులస్‌లో నాలుగు ప్రొపెల్లర్లూ ఒకే దిక్కుకు తిరుగుతాయి కాబట్టి అన్నిటి మెలికా ఒకటే. రేపు ఎప్పుడైనా ఎ400ఎం అనే నాలుగు ప్రొపెల్లర్ల రవాణా విమానం చేస్తే జాగ్రత్త, దానికి ఒక్కో రెక్క మీది రెండూ ఎదురెదురు దిక్కులకు తిరుగుతాయి.

చెక్క పని బొమ్మలకే అనుకునేవాళ్లు ఎవరైనా మీతో అంటే హోర్సా గ్లైడర్ (ఇంజిన్ లేని విమానం) గురించి చెప్పండి. 1944లో నార్మండీలో బ్రిటిష్ సైనికులను దింపిన ఆ విమానం చాలావరకు చెక్కే. దాని భాగాలు కుర్చీలూ బల్లలూ చేసే కంపెనీల్లో తయారయ్యాయి.

మామయ్యకు మూడో హెర్క్యులస్ ఇచ్చాను, మొదటిది నా దగ్గరే ఉంది. ఈసారి ర్యాంప్ తెరిచి ఉన్నట్టు చెక్కాను. ఆయన అల్మారాలో అది ముక్కు గోడవైపు, తోక మనవైపు తిరిగి ఉంటుంది. మీది నాలుగు బ్లేడ్లదా ఆరు బ్లేడ్లదా చెప్పండి, తోక దగ్గర నేను వాడిన అట్టల కొలతలు రాసి పెడతాను.