జిన్సెంగ్ ఫైకస్ ఆకులు రాలుతున్నాయా? ముందు వేళ్లు చూడండి

ప్రశ్న: కూకట్‌పల్లిలో మాది మూడో అంతస్తు ఫ్లాట్. ఏడాది కిందట కొన్న జిన్సెంగ్ ఫైకస్ బోన్సాయ్‌ని హాల్లో టీవీ పక్కన పెట్టాను. నెల రోజులుగా ఆకులు పసుపెక్కి రాలుతున్నాయి, కొన్నింటి కొసలు మాడాయి. రసం పీల్చే పురుగని పురుగుమందుల షాపులో చెబితే ఇమిడాక్లోప్రిడ్ లీటరుకు 2 మి.లీ. కలిపి వారానికోసారి మూడుసార్లు కొట్టాను. 19-19-19 ఎరువు కూడా ఇస్తున్నాను. రోజూ ఆర్‌ఓ మెషిన్ వదిలేసే నీళ్లే పోస్తున్నాను. ఇంకా ఏ మందు కొట్టాలి?

జవాబు: ఏ మందూ కొట్టకండి. మీరు పంపిన ఫొటోల్లో పురుగు ఒక్కటీ లేదు. ఆకు మీద జిగట లేదు, చిగురు ముడుచుకోలేదు. ఇది వేరుకుళ్లని నా అనుమానం. గోటితో కొమ్మ బెరడు కాస్త గీకండి. లోపల పచ్చగా ఉండి పాలు కారితే చెట్టు బతుకుతుంది.

లోతులేని పళ్లెంలో మెత్తటి మట్టి ఉంటే అడుగున నీరు కదలదు. దానికి తోడు పైన రాళ్లను జిగురుతో అతికించి అమ్మారు, ఇక గాలి ఎక్కడ ఆడుతుంది? ఇలాంటి చెట్టునే ఒకరు ఈ మధ్య నా దగ్గరికి తెచ్చారు. రాళ్ల పొర పెంకులా ఊడి వచ్చింది. కింద బురద ముద్ద, మురుగు వాసన. వేరును చేతివేళ్లతో పట్టి లాగితే పైతోలు తొడుగులా జారిపోయి లోపలి నార మాత్రం మిగిలింది. మీరూ చెట్టును కుండీలోంచి తీసి ఇదే చేసి చూడండి. గట్టిగా ఉన్న వేరు మంచిది, దాన్ని ముట్టుకోవద్దు.

నల్లబడి మెత్తబడ్డవాటిని మంచి భాగం వచ్చేదాకా శుభ్రమైన కత్తెరతో తీసేయండి. పాలు చర్మానికి పడకపోవచ్చు, గ్లవ్స్ వేసుకోండి. జల్లించి దుమ్ము తీసేసిన 3–5 మి.మీ. ఇటుక ముక్కలు రెండు పాళ్లు, ఎర్రమట్టి ఒక పాలు, వర్మీకంపోస్టు ఒక పాలు కలిపి నాటండి. కుండీ అడుగున రంధ్రం ఉండి తీరాలి, దాని మీద వల ముక్క పెట్టండి. నాటాక కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే తెగుళ్ల మందు లీటరుకు 3 గ్రాములు కలిపి అర లీటరు మట్టిలో పోయండి. ఒక్కసారే. ఇప్పుడు జులై, గాలిలో తేమ ఉంది, కుండీ మార్చడానికి మంచి అదను.

కొసలు మాడింది ఉప్పు వల్ల. కుండీ అంచున తెల్లటి పొర కనిపిస్తూనే ఉంది. ఆర్‌ఓ వదిలేసే నీళ్లలో మామూలు నీటికన్నా లవణాలు ఎక్కువ, వాటితో ఇల్లు తుడుచుకోండి. రాత్రంతా బకెట్లో ఉంచినా క్లోరిన్ పోతుందేమో గానీ ఉప్పు పోదు. వాన నీళ్లు పట్టుకోండి, లేదంటే మున్సిపల్ నళ్లా నీళ్లు పోయండి. టూత్‌పిక్ అంగుళం లోతు గుచ్చి, పొడిగా వస్తేనే అడుగు నుంచి కారేదాకా పోయాలి. రోజూ అనే లెక్క పెట్టుకోవద్దు.

ఇమిడాక్లోప్రిడ్ 17.8 ఎస్.ఎల్. (17.8 శాతం మందున్న ద్రవం) మోతాదు, పురుగు ఉన్నప్పుడు కూడా, లీటరుకు 0.3 మి.లీ. మీరు దానికి ఆరు రెట్లకు పైగా, అదీ మనుషులు కూర్చునే హాల్లో కొట్టారు! పిల్లలుంటే ఏమయ్యేది? చెట్టును చూడకుండా, వేరు ఊసెత్తకుండా సీసా చేతిలో పెట్టే డీలర్ మాట పట్టుకుని పొలాల్లో రైతులు నష్టపోతుంటే చూస్తూనే ఉన్నాం. ఇప్పుడది బాల్కనీల దాకా వచ్చింది. ఆ సీసాకు మూత బిగించి పిల్లలకు అందకుండా పెట్టండి, సింకులో మాత్రం పారబోయకండి.

చెట్టును హాల్లోంచి బాల్కనీకి మార్చండి. మూడు వారాలు నీడలో, ఆ తర్వాత ఉదయపు ఎండలో నాలుగైదు గంటలు ఉండాలి. 19-19-19 ఆరు వారాలు ఆపండి. కొత్త ఆకులు విచ్చుకున్నాక లీటరుకు 1 గ్రాము, పదిహేను రోజులకోసారి చాలు. నెలలో చిగురు కనబడకపోతే మళ్లీ రాయండి. ఈసారి ఆకుల ఫొటోలు వద్దు, వేళ్లవి పంపండి.