రజాకార్ల కాలం చూసిన అమ్మమ్మ రాత్రుళ్లు భయపడుతుంటే ఏం చేయాలి?

ప్రశ్న: మాది పరకాల దగ్గరి ఊరు. అమ్మమ్మకు 86 ఏళ్లు. ఈ మధ్య అర్ధరాత్రి లేచి ‘రజాకార్లు వచ్చిండ్రు’ అంటూ తలుపు గొళ్లెం పెడుతోంది. అమ్మ రాత్రంతా మేలుకునే ఉంటోంది. ఎలా చూసుకోవాలి?

1947 సెప్టెంబర్ 2న పరకాలలో నిజాం పోలీసులు, రజాకార్లు కాల్పులు జరిపినప్పుడు ఆమెకు ఎనిమిదేళ్లు ఉంటాయేమో. ముసలితనంలో నిన్నటి సంగతి చెరిగిపోయినా చిన్ననాటి భయం పైకి తేలుతుంది. ‘ఇప్పుడు రజాకార్లెక్కడున్నారు’ అని వాదించకండి. లైటు వేసి, మీ పేరు చెప్పి, గొళ్లెం పడిందో లేదో ఆమెతోనే ఇంకోసారి చూపించండి. మా నాయనమ్మకు బూట్ల చప్పుడు పడేది కాదు. అందరం గడప బయటే విప్పేవాళ్లం.

ఈ గాబరా రెండు మూడు రోజుల్లోనే హఠాత్తుగా మొదలైతే మాత్రం పాత జ్ఞాపకాలే అనుకోవద్దు. మూత్రంలో ఇన్ఫెక్షన్, సోడియం తగ్గడం కూడా ముసలివాళ్లను ఇలాగే తికమక పెడతాయి. ముందు డాక్టరుకు చూపించండి.

అప్పటి సంగతులు చెప్పమని పదేపదే అడగొద్దు. తనంతట తానే చెబితే, ఆమెను అడిగి ఫోన్‌లో రికార్డ్ చేసుకోండి. రాత్రంతా మేలుకునే మీ అమ్మకూ నిద్ర కావాలి, వంతులు వేసుకోండి. టెన్షన్ ఎక్కువైతే 14416కు ఫోన్ చేయండి. అది టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్. వాళ్లు ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు.