పిచికారితో తడి తప్పుతుందా?

ప్రశ్న: టమాటా పూత మీద ఉంది. బోరులో నీళ్లు తగ్గి వారానికి ఒక తడి ఇవ్వడమే గగనమైపోయింది. 13-0-45 (పొటాషియం నైట్రేట్ ఎరువు) మూడు రోజులకోసారి కొడితే తడి లేకపోయినా తోట నిలబడుతుందంటున్నారు. నిజమేనా అండీ?

జవాబు: తడి లేకపోయినా అన్న మాట మాత్రం నమ్మకండి. ఎకరా మీద ఒక్క మిల్లీమీటరు నీరంటే సుమారు 4,000 లీటర్లు. మంచి ఎండల్లో నిండుగా పెరిగిన తోటకు రోజుకు నాలుగైదు మిల్లీమీటర్లు కావాలి. మీరు పంపుతో కొట్టేది మహా అయితే 200 లీటర్లు. దాంతో దాహం తీరదు.

అలాగని పిచికారి దండగేమీ కాదు. ఆకుల మీది సన్నని రంధ్రాలు తెరుచుకోవడానికీ మూసుకోవడానికీ పొటాషియం కావాలి. అది సరిపడా ఉన్న మొక్క ఉన్న నీటిని పొదుపుగా వాడుకుంటుంది. నేల ఎండితే వేర్లకు పొటాష్ సరిగా అందదు, అందుకే ఆకు మీద ఇస్తాం. లీటరుకు 10 గ్రాములు, అంటే 16 లీటర్ల ట్యాంకుకు 160. పది పదిహేను రోజులకోసారి చాలు. మూడు రోజులకోసారి కొడితే ఆకుల అంచులు మాడతాయి. గుప్పెడు లెక్కలు వద్దు, తూకం వేయండి.

కొట్టే ముందు తెల్లవారి తోటలోకి వెళ్లి ఆకు చూడండి. మధ్యాహ్నం వాడినా సాయంత్రానికి తేరుకునే మొక్కతో టెన్షన్ లేదు. పొద్దున్నే వేలాడుతుంటే మాత్రం ఆ రోజు పంపు ముట్టుకోవద్దు, ముందు తడి. ఆ మర్నాడు చల్లటి పూట కొట్టండి.

ఎండ మరీ తీవ్రంగా ఉంటే కేవోలిన్ తెల్లమట్టి లీటరుకు 50 గ్రాములు కలిపి కొట్టవచ్చు. ఎండను వెనక్కి కొట్టి ఆకు వేడి తగ్గిస్తుంది. బకెట్లో కలిపి పల్చటి గుడ్డతో వడకట్టాలి, లేదంటే నాజిల్ పూడుకుపోయి మీ ఓపిక తీసేస్తుంది. కొడుతున్నంతసేపూ ట్యాంకు కదుపుతుండాలి. కాయల మీద తెల్లపొర మిగులుతుంది కాబట్టి కోత దశలో నేనైతే చెప్పను.

కాయ అడుగున నల్లమచ్చ కనిపిస్తే అది కాల్షియం లోపం. ఆకు మీద పడిన కాల్షియం కాయలోకి దాదాపు చేరదు, పిందెల మీదే పడాలి. దానికన్నా తడికీ తడికీ మధ్య ఎడం సమంగా ఉంచడం మేలు. ఉన్న కాస్త నీటినీ పూత, పిందె దశకే దాచండి. మొదళ్ల దగ్గర ఎండుగడ్డి పరవండి.

ఏ మందైనా ముందు ఒక్క వరస మీద కొట్టి, రెండు రోజులాగి ఆకు మాడకపోతేనే తోటంతా కొట్టండి.