నోట్‌ప్యాడ్‌లో షీట్లు చేస్తుంటే అందరూ నవ్వుతున్నారు, మానేయాలా?

ప్రశ్న: సర్, జేఎన్‌టీయూ కాలేజీలో ఎంబీఏ ఫైనాన్స్ రెండో ఏడాది చదువుతున్నాను. సీఎస్వీ ఫైల్ (కామాలతో కాలమ్‌లు విడదీసిన మామూలు టెక్స్ట్ ఫైల్) ఏది వచ్చినా నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ అనే టెక్స్ట్ ఎడిటర్‌లోనే తెరిచి సరిచేసుకోవడం నాకు అలవాటు. ఇంటర్న్‌షిప్‌లో అది చూసి నవ్వారు. ఎంఐఎస్ (కంపెనీ డేటాతో రిపోర్టులు తయారుచేసే) ఉద్యోగాలకు ట్రై చేస్తున్నా, ఈ అలవాటు మానుకోవాలా?

జవాబు: మానక్కర్లేదమ్మా, కాకపోతే దాంతోనే బండి లాగుదామనుకుంటే మాత్రం కుదరదు.

ముందు నవ్విన వాళ్ల సంగతి. మీ ఎంబీఏ హాల్‌టికెట్ నంబర్లలో మధ్యలో 1ఈ అని ఉంటుంది కదా, 21451ఈ0012 లాగా. ఆ లిస్టు ఉన్న సీఎస్వీ మీద డబుల్ క్లిక్ చేసి ఎక్సెల్‌లో తెరువు. అటూ ఇటూ అంకెలుండి మధ్యలో ఈ కనిపిస్తే ఎక్సెల్ దాన్ని పది ఘాతం (అంటే 21451 పక్కన 12 సున్నాలు) అనుకుంటుంది, నీ నంబర్ కాస్తా 2.15ఈ+16 అయి కూర్చుంటుంది. చూసుకోకుండా సేవ్ కొట్టావా, ఫైల్‌లో అదే మిగులుతుంది, అసలు నంబర్ గల్లంతు. బీటెక్ వాళ్లకు ఈ గొడవ లేదు, వాళ్లది 1ఏ! బ్యాంకు ఖాతా నంబర్లదీ ఇదే కథ: ముందున్న సున్నాలు ఎగిరిపోతాయి, 16 అంకెలుంటే చివరి అంకె సున్నా అవుతుంది, ఎందుకంటే ఎక్సెల్ 15 అంకెల వరకే గుర్తుపెట్టుకుంటుంది. జీతాల ఫైల్‌లో ఇలా జరిగితే ఎవరి డబ్బు ఎటు పోతుందో ఆలోచించు. నోట్‌ప్యాడ్ ఉన్నది ఉన్నట్టు చూపిస్తుంది, దేన్నీ ముట్టుకోదు.

2020లో ఇంగ్లండ్‌లో పాత ఎక్సెల్ ఫార్మాట్‌లో 65,536 వరుసలే పడతాయన్న సంగతి పట్టించుకోక 15,841 కోవిడ్ కేసులు లెక్కలోకి రాకుండా పోయాయి. ఫైల్‌లో ఎన్ని వరుసలున్నాయో ఒకసారి ఎడిటర్‌లో చూసుంటే తెలిసిపోయేది.

అయితే ఇంటర్వ్యూలో నీకిచ్చేది ఎక్సెల్ షీటే. అరగంటలో పివట్ (డేటాను గుంపులుగా కూడి చూపే పట్టిక) వేసి, విలువలు వెతికి తెచ్చే ఎక్స్‌లుకప్, షరతులకు సరిపోయేవే కూడే సమ్‌ఇఫ్స్ ఫార్ములాలు పెట్టి చూపించమంటారు, అక్కడ నోట్‌ప్యాడ్ తెరిస్తే నేనూ నవ్వుతాను. పైగా ఎడిటర్‌లో కామాలు చూసి కాలమ్‌లు విడగొడితే "కూకట్‌పల్లి, హైదరాబాద్" అనే ఒక్క అడ్రస్ రెండు ముక్కలై పక్క కాలమ్‌లన్నీ జరిగిపోతాయి, ఇది నీకు అనుభవమయ్యే ఉంటుంది.

కాబట్టి ఫైల్ రాగానే ఎడిటర్‌లో మొదటి పది వరుసలు, చివరి పది వరుసలు చూడు, మొత్తం ఎన్ని వరుసలున్నాయో రాసుకో. ఆ తర్వాత డబుల్ క్లిక్ చేయకుండా, ఎక్సెల్ డేటా ట్యాబ్‌లో ఫ్రమ్ టెక్స్ట్/సీఎస్వీ ద్వారా లోపలికి తెచ్చుకుని, నంబర్ల కాలమ్‌లను టెక్స్ట్‌గా పెట్టు. లెక్కలన్నీ ఇక అక్కడే. పివట్ ఇంకా చేతికి రాలేదంటే ఈ నెల రోజులూ దానికే కేటాయించు, మీ క్లాసు లిస్టు ఎలాగూ ఉందిగా, దాంతోనే మొదలుపెట్టు.