ఎలక్ట్రిక్ కారుతో పండక్కి ఊరెళ్ళొచ్చా? ముందు ఎర్తింగ్ సంగతి చూడండి

"హైదరాబాదులో ఉంటాం, ఏడాదికి నాలుగైదు సార్లు కృష్ణా జిల్లాలో ఉన్న ఊరికి వెళ్తాం. ఎలక్ట్రిక్ కొనాలా, హైబ్రిడ్డా?" అని అడిగారు. షోరూమ్‌కి తర్వాత వెళ్దురుగాని. ముందు ఊళ్ళో ఇంటికెళ్ళి, గోడ మీది మూడు కన్నాల ప్లగ్గు విప్పించి, వెనకాల పచ్చ వైరు, అదే లీకైన కరెంటుని భూమిలోకి పంపే ఎర్త్ వైరు, ఉందో లేదో చూసి రండి. వేళాకోళం కాదు. నేను ఆ పచ్చ వైరు చేతిలోనే దెబ్బతిన్నాను.

నా కారు 2022లో కొన్నాను. బ్యాటరీ 30 యూనిట్లు. కంపెనీ కాగితం మీద మూడు వందల పైచిలుకు కిలోమీటర్లని ఉంటుంది. ఆ పరీక్ష రోలర్ల మీద, ఏసీ వేయకుండా, తాపీగా నడిపి చేస్తారు. నలుగురు మనుషులు, అరిసెల డబ్బాలు, ఏసీ, హైవే అంటే యూనిట్‌కి ఏడు కిలోమీటర్లు వేసుకోండి. అంటే రెండొందల పది. అందులో చివరి ముప్పై కిలోమీటర్లు కాగితం మీద ఉంటాయి గానీ, వాటిని వాడుకునే ధైర్యం ఎవరికీ ఉండదు.

2023 సంక్రాంతి. హైదరాబాద్ నిజాంపేట నుంచి గుడివాడ పక్కన మా ఊరికి మూడొందల ముప్పై దాకా ఉంటుంది. భోగి ముందురోజు తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరాం. చౌటుప్పల్ దగ్గర పంతంగి టోల్‌గేటు ముందు రెండు గంటలు ఆగిపోయాం. మా ఆవిడ కళ్ళన్నీ బ్యాటరీ అంకె మీదే. ఇక్కడ అందరూ పొరబడే సంగతి ఒకటి చెప్తాను. ట్రాఫిక్‌లో ఆగితే ఎలక్ట్రిక్ కారుకి పెద్దగా ఏమీ కాదు. ఏసీ తినేది గంటకి ఒక యూనిట్టు, అంతే. ఆ రెండు గంటలకీ మాకు పోయింది ఆరేడు శాతం. దాన్ని తినేసేది వేగం. 80లో వెళ్ళినప్పటికీ 110లో వెళ్ళినప్పటికీ తేడా మీరే చూస్తారు, అంకెలు కళ్ళముందే రాలిపోతుంటాయి. పెట్రోలు కారుకి హైవే పుట్టిల్లు, సిటీ అత్తారిల్లు. దీనికి సరిగ్గా తలకిందులు.

సూర్యాపేట దగ్గర ఒక హోటల్ ఆవరణలో చార్జర్ ఉంది. కారుకి తగిలించే గన్నులు రెండు, పనిచేసేది ఒకటి. మా ముందు మూడు కార్లు. ముందున్నాయన ఎనభై శాతం దాటినా తీయడు. ఎనభై దాటాక బ్యాటరీ కరెంటుని బొట్టు బొట్టుగా తీసుకుంటుంది, అంతకుముందు అరగంటలో ఎక్కినంత ఇప్పుడు గంటైనా ఎక్కదు. "అండీ, ఇక తీసేస్తే మేం పెట్టుకుంటాం" అంటే "నేను డబ్బు కట్టానండీ, ఫుల్లే కావాలి" అన్నాడు. పెట్రోలు బంకులో ఇలాంటి గొడవ ఎప్పుడైనా చూశారా? అక్కడ ఫుల్ ట్యాంకు అన్నవాడి వల్ల వెనకవాడికి పోయేది రెండు నిమిషాలే.

పైగా యాప్. ఒక్కో కంపెనీకి ఒక్కో యాప్, ఒక్కో వాలెట్టు, ముందే డబ్బు వెయ్యాలి. ఈ రోజుకి నా ఫోన్లో అలాంటివి ఏడున్నాయి. ఒకదాన్లో ఎనభై, ఇంకోదాన్లో నూట నలభై, మళ్ళీ ఆ దారిలో వెళ్తే తప్ప పనికిరావు. టీ కొట్టువాడు స్కాన్ చేస్తే పది రూపాయలు తీసుకుంటున్న దేశంలో చార్జర్‌కి మాత్రం ఓటీపీలూ, కనీస నిల్వలూ! కస్టమర్ కేర్ అమ్మాయి ఇరవై నిమిషాలు మాట్లాడి తేల్చలేనిదాన్ని ఆ హోటల్ వాచ్‌మన్ ఎర్ర బటన్ నొక్కి, తిప్పి వదిలి, "ఇప్పుడు పెట్టండి సార్" అని తేల్చేశాడు. ఆయనకి యాభై ఇచ్చాను. ఏ యాప్‌తోనూ పని పడలేదు.

తొంభై శాతం దాకా ఎక్కించుకుని కదిలాం. అవును, ఎనభై దాటాక నేనూ తీయలేదు. వెనక ఎవరూ లేరు కాబట్టి అని ఇంట్లోవాళ్ళకి చెప్పాను. విజయవాడలో ఇంకోసారి పెట్టుకుందాం అనుకున్నాం. మ్యాప్‌లో పచ్చగా, ఖాళీగా ఉందని చూపిస్తున్న ఆ చార్జర్ ఒక షోరూమ్ లోపల ఉంది. షోరూమ్‌కి పండగ సెలవు. గేటుకి తాళం. ఇనప ఊచల మధ్యలోంచి దాని దీపం కనిపిస్తోంది, దేవుడి గుడి మూసేశాక లోపల దీపం కనపడ్డట్టు. ఏసీ ఆపేసి, అరవైలో నడుపుకుంటూ, తొమ్మిది శాతంతో ఇంటి ముందు ఆగాను. ఆటోలు కూడా దాటేసి వెళ్ళాయి.

అసలు కథ ఇక్కడ మొదలు. కారుతో ఇచ్చిన చార్జర్ తీసి, వసారాలో మోటారు కోసం పెట్టిన పదిహేను యాంపుల ప్లగ్గుకి తగిలించాను. ఎర్ర దీపం. తీసి పెట్టాను. ఎర్ర దీపం. నాన్న టెస్టర్ తెచ్చి చూశారు, కరెంటు వస్తోంది. "ఫ్రిజ్జు నడుస్తోంది, మిక్సీ నడుస్తోంది, నీళ్ళ మోటారు నడుస్తోంది. నీ కారుకేం వచ్చిందిరా?" అన్నారు.

పొద్దున్నే కరెంటు పని చేసే కుర్రాడు వచ్చి బోర్డు విప్పాడు. మూడో కన్నానికి రావాల్సిన పచ్చ వైరు మడతపెట్టి లోపలే కూరి ఉంది. "ఇంటికి ఎర్తే లేదన్నా. ఈ వీధిలో ఎన్ని ఇళ్ళకుందో చెప్పు" అన్నాడు నవ్వుతూ. ఫ్రిజ్జు, మోటారు ఎర్త్ లేకపోయినా నోరు మూసుకుని నడుస్తాయి. కారు చార్జర్ అలా కాదు, కరెంటు ఎక్కించే ముందు ఎర్త్ ఉందా అని వెతుకుతుంది, లేకపోతే ఒప్పుకోదు. తప్పు దానిది కాదు, గంటల తరబడి ఆ ఇనప డొక్కుని ముట్టుకునేది మనమే కదా.

సరే, బావి గట్టు పక్కన తడి నేల చూసి గొయ్యి తవ్వించాం. పైపు దింపాలి, చుట్టూ ఉప్పూ బొగ్గూ వరసలుగా వెయ్యాలి, నీళ్ళు పొయ్యాలి. భోగి నాడు ఊళ్ళో ఏ కొట్టు తెరుస్తాడు? అమ్మ ఆవకాయకని దాచిన కల్లుప్పు తెచ్చింది. బొగ్గులు? వీధిలో అప్పుడే చల్లారిన భోగిమంట ఉంది. పిల్లలు బకెట్టుతో ఏరుకొచ్చారు. మా బాబాయి అరుగు మీద కూర్చుని పళ్ళు తోముకుంటూ ఇదంతా చూసి, "ఉప్పు, బొగ్గు, నీళ్ళు... కారుకి దిష్టి తీస్తున్నార్రా, పాతేస్తున్నార్రా?" అన్నాడు. ఆ మాట మూడు రోజులు ఊరంతా తిరిగింది.

పదకొండింటికి ఆకుపచ్చ దీపం వెలిగింది. సాయంత్రం వోల్టేజీ తక్కువ, అర్ధరాత్రి తర్వాత బాగా ఎక్కింది, మర్నాటి పొద్దుటికి ఫుల్లు. ఆ తర్వాత మూడేళ్ళలో ఊరికి పదిసార్లు పైనే వెళ్ళాను, ఒక్కసారీ ఇబ్బంది లేదు. అందుకే నేను చెప్పేది, కొనాల్సింది కారు కాదు, ప్లగ్గు. సొంత ప్లగ్గు రెండు చివర్లా ఉంటే ఎలక్ట్రిక్ అంత సుఖం ఇంకోటి లేదు. లేకపోతే అంత నరకమూ లేదు. 2023 మేలో ఇదే హైదరాబాద్–విజయవాడ రోడ్డు మీద ఆర్టీసీవాళ్ళు ఎలక్ట్రిక్ గరుడ బస్సులు మొదలెట్టారు. వాళ్ళకు దారిలో చార్జర్ వెతుక్కునే బాధ ఎందుకుంటుంది? అంత దూరానికి సరిపడా బ్యాటరీ, పెట్టుకోవడానికి సొంత చోటు.

డబ్బు లెక్క అడుగుతారు కాబట్టి చెప్తున్నా. ఇంట్లో పెట్టుకుంటే నాకు కిలోమీటరుకి రూపాయి చిల్లర. బయట ఫాస్ట్ చార్జర్ దగ్గర యూనిట్ ఇరవై పైన పడుతుంది, దాని మీద 18 శాతం జీఎస్టీ, అంటే కిలోమీటరుకి మూడున్నర. అదే సైజు పెట్రోలు కారుకి ఏడున్నర. ఎప్పుడూ బయటే పెట్టుకునేవాడికి మిగిలే సగం చార్జర్ దగ్గర తాగే టీలకీ, తినే ఇడ్లీలకీ పోతుంది.

ఆ సొంత ప్లగ్గు సిటీలో దొరకడం ఊళ్ళో కంటే కష్టం. మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ దగ్గర నాలుగు నెలలు తిరిగాను. నా మీటరు నుంచే, నా ఖర్చుతోనే లైను లాక్కుంటానన్నా ఒప్పుకోరు. ఉన్న కనెక్షన్ మీదే ఇంటి దగ్గర చార్జ్ చేసుకోవచ్చని కేంద్ర విద్యుత్ శాఖ 2022 జనవరిలోనే మార్గదర్శకాల్లో రాసింది, ప్రింటు తీసి చేతిలో పెట్టాను. దానికి వాళ్ళిచ్చిన జవాబు 2022 సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో జరిగిన అగ్నిప్రమాదం. కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్, పైన లాడ్జి, ఎనిమిది మంది పోయారు. ఆ భయం అర్థంలేనిది అనను. కానీ సెల్లార్లో ముప్పై పెట్రోలు ట్యాంకుల పక్కన జనరేటర్ డీజిలు డ్రమ్ము పెట్టుకుని నిద్రపోయేవాళ్ళు అది చెప్తుంటే నవ్వొస్తుంది. చివరికి ఎలా ఒప్పుకున్నారంటారా? సెక్రటరీగారి అల్లుడు ఎలక్ట్రిక్ కొన్నాడు.

హైబ్రిడ్ సంగతి మరిచిపోయాను. మా బావమరిది దగ్గర స్ట్రాంగ్ హైబ్రిడ్ ఉంది, అంటే పెట్రోలు ఇంజనుతో పాటు కాసేపు కారుని ఒంటరిగా లాగగలిగే మోటారు కూడా ఉన్నది. సిటీలో లీటరుకి ఇరవై రెండూ ఇరవై మూడూ ఇస్తుంది, బంకులో నింపుకుని వెళ్ళిపోతాడు, పండక్కి నాకంటే నాలుగు గంటలు ముందు చేరి నా వాటా గారెలు కూడా తినేస్తాడు. సొంత పార్కింగ్ లేనివాళ్ళు అదే కొనుక్కోండి, ఆలోచించొద్దు. కాకపోతే "దానంతట అదే చార్జ్ అవుతుంది" అనే మాట నమ్మకండి, ఆ కరెంటు పుట్టేది మీరు పోసిన పెట్రోల్లోంచే. బ్రేకు వేసినప్పుడు వృథా అయ్యేదాన్ని దాచుకుంటుంది, అందుకే సిటీలో లాభం, ఖాళీ హైవే మీద అంతంతే. మైల్డ్ హైబ్రిడ్ అని స్టిక్కర్ అంటించినవైతే నా లెక్కలో హైబ్రిడ్లే కావు, ఒట్టి మోటారు మీద ఒక్క గజం నడవవు. పన్ను కూడా చూసుకోండి. 2025 సెప్టెంబరులో జీఎస్టీ మార్చాక కూడా నాలుగు మీటర్లు దాటిన హైబ్రిడ్ మీద 40 శాతం, ఎలక్ట్రిక్ మీద 5. తెలంగాణలో రిజిస్టర్ చేస్తే ఎలక్ట్రిక్‌కి 2026 డిసెంబరు 31 దాకా రోడ్డు టాక్సు లేదు.

ఇంతకీ మా అమ్మకి ఆ కారంటే ఇప్పటికీ పెద్ద గురి లేదు. ఫ్రిజ్ తలుపు ముట్టుకుంటే ఇరవై ఏళ్ళుగా చేతికి జివ్వుమనేదట, ఎర్త్ వేశాక మానేసిందట. వచ్చినవాళ్ళందరికీ కారు వదిలేసి అదే చూపిస్తుంది.