కార్డు ఫారం చేసేవాడికి ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మాది తాడిపత్రి, బండల పాలిష్ యూనిట్ నడుపుతాను. మావాడు అనంతపురంలో బీటెక్ సీఎస్ఈ మూడో ఏడు. కాలేజీ ప్రాజెక్టులో క్రెడిట్ కార్డు వివరాలు నింపే ఫారం ఒక్కటి పట్టుకుని నెల రోజులుగా కూర్చున్నాడు. మా తమ్ముడి కొడుకు లక్షన్నర కట్టి బెంగళూరులో ఏఐ కోర్సులో చేరాడు. మావాణ్ణీ అందులో చేర్చాలా, ఇక్కడే ఫుల్ స్టాక్ (వెబ్‌సైటులో కనపడే పేజీలూ, వెనక సర్వరు పనీ రెండూ) నేర్పించాలా?

జవాబు: అయ్యా, మీరు అడిగింది రెండు కోర్సుల గురించి. అసలు దిగులు మాత్రం తమ్ముడి కొడుకు ముందుకు పోయాడని. ఇలాంటి ఉత్తరాలు నాకు కొత్త కాదు. ఇంతకీ ఆ ఫారం మీరు ఒక్కసారైనా తెరిపించి చూశారా?

కార్డు నంబరు కొడుతుంటే అంకెలు నాలుగేసిగా విడిపోవాలి. మధ్యలో ఒక అంకె దిద్దబోతే కర్సర్ చివరికి దూకేస్తుంది. అది సరిచేయడానికే రాత్రిళ్ళు గడిచిపోతాయి. అమెరికన్ ఎక్స్‌ప్రెస్ కార్డుకేమో 15 అంకెలు, 4-6-5గా విడగొట్టాలి, సీవీవీ నాలుగంకెలు. నంబరు తప్పయితే బ్యాంకు దాకా పోకముందే పట్టేసే లెక్క ఒకటుంది, లూన్ పద్ధతి అంటారు. కుడి చివరి అంకెను వదిలి, దాని పక్క నుంచి ఎడమకు ఒకటి విడిచి ఒకటి రెట్టింపు చేయాలి. 9 దాటితే 9 తీసేయాలి. అన్నీ కూడితే వచ్చేది 10తో నిశ్శేషంగా భాగం పోవాలి. ఒక్క అంకె తప్పు పడితే తప్పక దొరుకుతుంది. 09ని 90గా తిప్పి కొడితే మాత్రం దొరకదు. ఎందుకో మీవాణ్ణి అడగండి. తడుముకోకుండా చెప్పాడంటే ఇంటర్వ్యూకి భయపడక్కర్లేదు.

దీన్ని కాంపోనెంట్‌గా, అంటే ఏ పేజీలోనైనా అమర్చుకునే విడి భాగంగా రాసిపెట్టుకుంటే హాస్టల్ ఫీజు పేజీలోనూ, బస్సు టికెట్ల పేజీలోనూ అదే పనికొస్తుంది. అలా పనికి రావాలంటే ఎంత కట్టాలి, కట్టాక ఏ పేజీకి పోవాలి అన్నవి దాని లోపల ఇరికించకూడదు. బయటి పేజీకి వదిలేయాలి. మూడో ఏడు పిల్లల్లో ఈ తెలివిడి నాకు తరచుగా కనపడదు. "అందరూ ఫోన్‌పేలో కడుతుంటే కార్డు ఫారం ఎందుకు" అని మీకు తోచవచ్చు. ఫారం మారినా ఈ నేర్పు ఎక్కడికీ పోదు.

ఒక్కటి మాత్రం వాణ్ణి గట్టిగా అడగండి: కొట్టిన నంబరు ఎక్కడికి పోతోంది? రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం 2022 అక్టోబరు 1 నుంచి వ్యాపారులు కార్డు నంబరు దాచుకోకూడదు, దాచుకోవాలంటే దాని బదులు ఇచ్చే టోకెన్ అనే మారు నంబరునే దాచుకోవాలి. సీవీవీ అయితే చెల్లింపు ఆమోదం పొందాక వ్యాపారులు అసలు దాచకూడదు. అందుకే చాలా కంపెనీలు నంబరు కొట్టే పెట్టెను పేమెంట్ గేట్‌వే (చెల్లింపు జరిపించే సంస్థ) వాళ్ళ ఫ్రేములోనే, అంటే తమ పేజీలో కనపడే వాళ్ళ ముక్కలోనే ఉంచుతాయి, అంకెలు తమ సర్వరును తాకవు. మీవాడు డేటాబేసులో దాస్తుంటే ఈ రోజే తీసేయమనండి.

ఇక ఏఐ. ఆ విద్య మీద నాకు గౌరవమే, దాని పేరుతో జరిగే ఆర్నెల్ల కోర్సుల అమ్మకాల మీదే అనుమానం. ఏఐకి పునాది అయిన లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ లెక్కలు ముట్టకుండా, ఎవరో చేసిన మోడల్‌ను పిలిచే నాలుగు వరుసలు నేర్పి సర్టిఫికెట్ ఇచ్చేవాళ్ళను చూస్తూనే ఉన్నాను. ఇలాంటి ఫారాన్ని ఏఐ నిమిషంలో రాసిస్తుంది, నిజమే. అందులో 15 అంకెల కార్డును ఫారం ఒప్పుకోవట్లేదని పట్టుకునేది మాత్రం ఒకసారి చేత్తో చేసినవాడే. కోతకూ పాలిష్‌కూ తేడా మీకు నేను చెప్పాలా?

కోపం తెచ్చుకోకండి గానీ, ఆ లక్షన్నరతో మీరు కొనాలనుకుంటున్నది చుట్టాల ముందు చెప్పుకోవడానికి ఒక మాట. అబ్బాయి ఏమంటున్నాడో మీ ఉత్తరంలో ఒక్క ముక్క లేదు. నెల రోజులు ఒకే పని మీద కూర్చోగలిగిన పిల్లవాడి గురించి బెంగపడే తండ్రికి నేనేం చెప్పాలి?

ఫుల్ స్టాక్‌కు ఇప్పుడు ఫీజు కట్టొద్దు. సర్వరు వైపు పని ఈ ప్రాజెక్టులోనే చేయించండి. పూర్తయ్యాక కోడ్‌ను గిట్‌హబ్ అనే కోడ్ పంచుకునే సైటులో పెట్టి, ఏ కార్డులతో పరీక్షించాడో కింద రాయమనండి. పరీక్షకు మీ కార్డు ఇవ్వకండి, 4111 1111 1111 1111 లాంటి టెస్టు నంబర్లు ఉన్నాయి. అప్పటికీ వాడికే ఏఐ మీద మనసుంటే, ముందు ఈ వేసవిలో మ్యాథ్స్ పుస్తకాలు తిరగేసి, ఆ తర్వాత నాకు వాణ్ణే రాయమనండి.